హెల్పర్ అని రాసింది నేనే

పదకొండేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. పెద్ద మాటేమీ కాదు. ఒక కాగితం మీద, ఒక గడిలో, నీలం ఇంకుతో నా చేత్తో రాసిన మాట. రాయడానికి నాలుగు క్షణాలు పట్టి ఉంటుంది. నా భార్యకు చెప్పలేదు. నాతో గల్ఫ్‌లో పనిచేసినవాళ్లకు చెప్పలేదు. తాగిన రోజుల్లో కూడా నోరు జారలేదు. తాగినా నోరు జారనంత జాగ్రత్త నాది. ఆ జాగ్రత్త తలుచుకుంటేనే నాకు రోత పుడుతుంది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. ఊరు మాత్రం దాచను, కోరుట్ల. నాకిక్కడ ఒక జిరాక్సు దుకాణం ఉంది. పింఛన్లకూ పాస్‌పోర్టులకూ కాలేజీ సీట్లకూ ఫారాలు నింపి పెడతాను. ప్రతి ఫారంలోనూ ఎక్కడో ఒకచోట వృత్తి అని ఒక గడి ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి నా చెయ్యి ఆగుతుంది. ఎదురుగా ఉన్నవాళ్లు కంప్యూటర్ నెమ్మదిగా నడుస్తోందనుకుంటారు.

ఇదంతా ఫోన్లో ఆడే ఒక ఆట దగ్గర మొదలైంది. నవ్వొస్తే నవ్వండి. ఇంత చిన్న కారణమా అని నాకే సిగ్గు. కారణం కొంచెం పెద్దదై ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో! పగ, ఆస్తి, ఆడవాళ్లు, ఏదో ఒకటి. అలాంటిదైతే మనిషి చెడ్డవాడని చెప్పుకోవచ్చు. నాది చెడ్డతనం కూడా కాదు, నీచం.

మా దిక్కు గల్ఫ్‌లో ఏ దేశం పోయినా దుబాయ్ పోయిండనే అంటారు. నేనూ అట్లాంటి దుబాయ్‌కే పోయాను. మాది మల్లాపూర్ దగ్గరి పల్లె. మా నాయిన తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. నాకు చెట్టెక్కడం చేతకాలేదు, విమానం ఎక్కాను. ఆరేళ్లకు ఫోర్‌మెన్‌నయ్యాను. నా కింద పద్నాలుగు మంది. బీర్‌పూర్ వాళ్లు, జగిత్యాల చుట్టుపక్కల పల్లెలవాళ్లు, సిరిసిల్ల నుంచి ఒక్కడు. ఆ ఒక్కడే లక్ష్మీరాజం.

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచలు అంటారు. లక్ష్మీరాజం పద్నాలుగేళ్లు సాంచలు నడిపాడు. ఒక్కడే ఎనిమిది. ఆ చప్పుడులో ఏ సాంచ ఆగింది, ఎక్కడ పోగు తెగింది, చెవితోనే చెప్పేవాడు. తెగిన పోగు ముడెయ్యడం, విరిగిన ముక్క మార్చడం, మోటారు పాడైతే విప్పి బాగుచెయ్యడం, అన్నీ అతనే. తర్వాత నెలకు పది రోజులు కూడా సాంచలు నడవని కాలం వచ్చింది. వాళ్ల పక్క వాడలో ఒక నేతగాడు ప్రాణం తీసుకున్నాడు. ఆ నెలలోనే లక్ష్మీరాజం భార్య విజయ పట్టుబట్టి అతన్ని దేశం దాటించింది. అతను నాకంటే రెండేళ్లు పెద్ద. అయినా నేను ఫోర్‌మెన్‌ని కాబట్టి నన్ను అన్నా అనేవాడు. నేనతన్ని రాజం అనేవాణ్ని. అది కూడా నాకు అప్పట్లో సహజంగానే అనిపించింది.

శుక్రవారం సెలవు. వంటలయ్యాక గదిలో అందరం నా ఫోన్ చుట్టూ చేరేవాళ్లం. అందులో ఒక రాజ్యాల ఆట. మన మనిషి మంత్రగాడు. స్వయంగా కత్తి పట్టడు. మట్టిలోంచి అస్థిపంజరాలను లేపుతాడు, అవే అతని సైన్యం. మా దిక్కు ఎముకలను బొక్కలంటారు, మావాళ్లు వాటికి బొక్కలోళ్లని పేరు పెట్టారు. ఒక్కో లెవెల్ దాటితే ఒక్కో పాయింటు వస్తుంది. దాన్ని ఏ విద్యలో పెట్టాలన్నదే అసలు ఆట. ఒక విద్యలో పెడితే బొక్కలోళ్ల సంఖ్య పెరుగుతుంది. ఒకదానితో వాళ్లకు బలం వస్తుంది. ఇంకొకదానితో మంత్రగాడు తన ప్రాణంలోంచి కొంత తీసి దెబ్బతిన్నవాళ్లకు పోసి బతికించుకోవచ్చు. దూరం పోయినవాళ్లను వెనక్కి పిలిచే విద్య ఒకటి. ఇక చివరిది, వాళ్లను శత్రువు మీదికి తోలి పేల్చేయడం. బొక్కలోడు పేలితే చుట్టూ ఉన్నదంతా మాడిపోతుంది. పేలినవాడు పోతాడు. మట్టి మీద మళ్లీ చెయ్యి చాపితే ఇంకొకడు లేస్తాడు.

లక్ష్మీరాజం దగ్గర బటన్ ఫోనే ఉండేది. నా భుజం వెనక కూర్చుని చూసేవాడు. నేను సంఖ్య పెంచుకుంటూ పోతున్నాను, పన్నెండు, పద్నాలుగు. తెర నిండా బొక్కలోళ్లు, ఎవడు ఎటు పోతున్నాడో తెలియదు. అప్పుడు మెల్లగా అన్నాడు, "అన్నా, ఎనిమిది మీదికి పోవద్దు. ఎనిమిదంటే ఒక్క చూపుల వడ్తయి. తొమ్మిదోది వెట్టినవనుకో, ఏదో ఒకటి ఆగుతది, నీకు తెల్వది." ఎనిమిది దగ్గర ఆపించాడు. మిగతా పాయింట్లన్నీ బతికించే విద్యలో, వెనక్కి పిలిచే విద్యలో పెట్టించాడు. బొక్కలోళ్లకు సాంచల్లాగే ఒకటి నుంచి ఎనిమిది దాకా నంబర్లిచ్చాడు. మూడో నంబరుకు దెబ్బ తగిలింది చూడు, ఆరో నంబరు ఎనకవడ్డది చూడు అని చెవిలో చెప్తూ ఉండేవాడు. నేను వేలు కదిపేవాణ్ని. ఆట అతను ఆడేవాడు.

ఆ ఎనిమిది మందితో మేం ముప్ఫయ్యో లెవెల్ దాకా వచ్చాం. ఒక్కడు చావకుండా కోటలు దాటాం. గదిలో చప్పట్లు. నేను బయటికి నవ్వుతున్నాను. లోపల ఏదో ఒకటి గీరుకుంటోంది. చప్పట్లు ఎవరికి? ఫోన్ నాది. ఫోర్‌మెన్ నేను. కానీ అందరి చూపూ నా భుజం వెనక్కే పోతోంది. అప్పుడే దాన్ని అసూయ అని ఒప్పుకుని ఉంటే ఇదంతా జరిగేది కాదేమో. నేను దానికి వేరే పేరు పెట్టుకున్నాను. ఈయన పద్ధతి మరీ నెమ్మది అనుకున్నాను.

ఒక శుక్రవారం లక్ష్మీరాజం బట్టలు ఉతకడానికి పోయాడు. ఆటలో ఒక్కసారి పాయింట్లన్నీ వెనక్కి తీసుకుని మళ్లీ పెట్టుకునే వీలుంది. నొక్కేశాను. నెలల తరబడి కూర్చినదంతా సున్నా అయింది. తీసినవన్నీ సంఖ్యలోనూ పేల్చే విద్యలోనూ పోశాను. బతికించే విద్యలో ఒక్కటి కూడా ఉంచలేదు. అతను తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చేసరికి నేను ఇనుప గేటు దగ్గరున్న రాక్షసుడి మీదికి పదహారు మందిని తోలాను. ఒక్కొక్కడే పేలాడు. రాక్షసుడు చావలేదు. నా మంత్రగాడు ఒంటరిగా మిగిలి చచ్చాడు.

గదిలో అందరూ చూశారు. లక్ష్మీరాజం కాసేపు తెరనే చూసి, నవ్వుతూ అన్నాడు, "సాకుడు నీతోని కాదన్నా. సంపుడైతే మంచిగ వచ్చు."

అంతే. అందరూ పడీపడీ నవ్వారు. అతని గొంతులో విషం లేదు. సిరిసిల్ల హోటల్లో చాయ్ తాగుతూ ఒకరినొకరు అనుకునే మాట లాంటిది. నేనూ నవ్వాను. కానీ ఆ నవ్వులు నా వీపు మీద పాకుతూనే ఉన్నాయి. రాత్రి పడుకున్నా, పొద్దున పనిలోకి పోయినా అదే మాట. మనుషులను సాకడం రాదా నాకు? పద్నాలుగు మందిని సాకుతున్నది నేను కాదా? వీడెవడు చెప్పడానికి?

మూడు రోజులకు కంపెనీ క్లర్కు నా చేతికి ఒక కాగితం ఇచ్చాడు. మా బిల్డింగ్ పని అయిపోయింది. చేతిపని ఉన్నవాళ్లను ఇక్కడే వర్క్‌షాపులో ఉంచుకుంటారు, పంపులు, ఏసీలు, మోటార్లు చూసుకోవడానికి. నీడలో పని. మిగతావాళ్లను ఎడారిలోని పైపుల యార్డుకు పంపుతారు. కాగితం మీద పద్నాలుగు పేర్లు. పక్కన గడి, ఎవరికి ఏ పని వచ్చో రాయమని. దాదాపు అందరి వీసాల మీదా ఉన్నది హెల్పర్ అనే. కాబట్టి ఎవరికి ఏ పని వచ్చో కంపెనీకి తెలిసే మార్గం ఒక్కటే, ఫోర్‌మెన్ రాసిన మాట. క్లర్కు ఎవరినీ పరీక్ష పెట్టడు. నేనేం రాస్తే అది.

రాశాను. బల్బు మార్చడానికి భయపడే మా ఊరివాడికి ఎలక్ట్రీషియన్ అని రాశాను. పైపులు మోసి మాత్రమే ఎరిగినవాడికి ప్లంబర్ అని రాశాను. బీర్‌పూర్ పిల్లగాడికి పెయింటర్ అని రాశాను. ఇవి అబద్ధాలే, కానీ మంచి అబద్ధాలని నాకు నేనే మెచ్చుకున్నాను. తొమ్మిదో పేరు లక్ష్మీరాజం. క్యాంపు నీళ్ల మోటారు ఆగిపోతే బాగుచేసింది ఎవరు? వాషింగ్ మిషన్ విప్పి బిగించింది ఎవరు? మొత్తం కాగితంలో నేను అబద్ధం ఆడకుండా పని రాయగలిగిన పేర్లలో అతనిదొకటి. మెకానిక్ అని మొదటి అక్షరం కోసం పెన్ను ఆనించాను కూడా. అక్కడ చిన్న చుక్క పడింది. ఆ చుక్క మీదనే హెల్పర్ అని రాశాను.

ఆ క్షణంలో నా లోపల ఏముంది? ఇన్నేళ్లుగా అక్కడే తవ్వుతున్నాను. కోపం ఉందా? లేదు, మూడు రోజులకు కోపం చల్లారింది. అతని పీడ వదిలించుకోవాలనుందా? కొంత ఉంది. భుజం వెనక ఎవరూ లేకుండా ఆడుకోవచ్చనుకున్నాను. కానీ అన్నిటికంటే అడుగున ఉన్నది ఇంకొకటి. నా చేతిలో పెన్నుంది, ఒక మనిషి ఎటు పోవాలో ఆ పెన్ను చెప్తుంది. అది తియ్యగా ఉంది. మా నాయిన చెట్టు గీసేటప్పుడు ఎంత లోతు దాకా కత్తి పెట్టాలో చూసి చూసి పెట్టేవాడు, అలసిన చెట్టును ఒక కాలం వదిలేసేవాడు. ఆయన కడుపున పుట్టి నేను ఇదీ నేర్చుకున్నది. ఛీ.

వారం తర్వాత పొద్దున్నే యార్డు బస్సు వచ్చింది. లక్ష్మీరాజం సంచి బస్సులో పెట్టి, మళ్లీ దిగి నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, నాది మెకానిక్ పనే గదా. నువ్వు ఓ మాట చెప్పకపోయినవా?"

"చెప్పిన రాజం. రెండుసార్లు చెప్పిన. ఆ క్లర్కు ఇనలే."

నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "నువ్వు చెప్పినంక గూడ ఇనలేదంటే ఇగ నా నసీబు. నువ్వేం ఫికర్ వెట్టుకోకు. నీ ఆట ఎక్కడిదాక వచ్చిందో అప్పుడప్పుడు చెప్తుండు."

రెండుసార్లు అని ఎందుకన్నాను? ఒక్కసారి చెప్పానన్నా సరిపోయేది. అబద్ధానికి కూడా అలంకారం కావాలా? అడగని దానికి కూడా పేరు తెచ్చుకోవాలా? మిగతాదంతా మరిచిపోయినా ఆ రెండుసార్లు అన్న మాట నన్ను వదలదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. దాచితే ఈ ఒప్పుకోలుకు అర్థం లేదు. అతను పోయిన నెలన్నరకు నేను ఇనుప గేటు దాటాను. పేల్చే విద్యతోనే. ముప్ఫై మందికి పైగా బొక్కలోళ్లను ఒకరి వెనక ఒకర్ని తోలి పేల్చి రాక్షసుణ్ని చంపాను. మంచం మీద నిలబడి అరిచాను. అదే వారం యార్డు నుంచి కబురు వచ్చింది. లారీ మీది నుంచి దించుతున్నప్పుడు పైపులు దొర్లి, మధ్యలో లక్ష్మీరాజం కుడి చెయ్యి ఇరుక్కుంది. బొటనవేలూ చూపుడువేలూ నలిగిపోయాయి. హెల్పర్ల పని పైపులు దించడం. అతను తన పనే చేస్తున్నాడు, నేను రాసిన పని.

మిగతా వేళ్లలో ఏదైనా అయి ఉంటే అని అప్పుడు మూర్ఖంగా అనుకున్నాను. పోగు ముడెయ్యాల్సింది ఆ రెండు వేళ్లతోనే. అతను సిరిసిల్ల తిరిగొచ్చాక సాంచలున్న ఒక ఆసామి దయతలిచి వాటి మీదికి రానిచ్చాడట. తెగిన పోగు దొరికేది, ముడి పడేది కాదు. ఎనిమిది సాంచల మనిషి రెండింటి దగ్గర కూడా నిలబడలేకపోయాడు. రెండు రోజులకు తనే రావడం మానేశాడు. సాంచల చప్పుడు వినబడే వాడలో ఉండలేక భార్యాబిడ్డలను తీసుకుని అత్తగారి ఊరు వచ్చేశాడు. ఆ ఊరు కోరుట్ల. విజయ బీడీలు చుడుతుంది. అతను బీడీల కార్ఖానాలో గంపలు మోస్తాడు. నా దుకాణానికి రెండు వీధుల అవతల అతని ఇల్లు.

నేను గల్ఫ్ నుంచి తిరిగొచ్చి ఇక్కడ దుకాణం పెట్టిన నెలలోనే వెతుక్కుంటూ వచ్చాడు. కావలించుకున్నాడు. అక్కడున్న నలుగురికీ చెప్పాడు, దుబాయ్‌ల నా కోసం కొట్లాడిన మనిషి ఈయన అని. నేను కాదనలేదు. చాయ్ తెప్పించాను. అప్పటి నుంచి బజారులో ఎక్కడ కనబడినా ఆ నలిగిన చెయ్యే ఎత్తి దండం పెడతాడు. ఒకసారి నా జిరాక్సు మిషన్ కాగితాలు నములుతుంటే పక్కన నిలబడి చెవి ఒగ్గి విన్నాడు. ఎడమ చేత్తో మూత తీసి, అరిగిన రోలరు బయటికి లాగి చూపించాడు. పైసా తీసుకోలేదు. నేను తెచ్చిన కొత్త రోలరు బిగించి, చెయ్యి దులుపుకుని గంపలు మొయ్యడానికి పోయాడు. ఆయన పోయాక నేను షట్టరు సగం దించి లోపల కూర్చున్నాను. నా ముఖం మీద నేనే ఉమ్మేసుకోవాలనిపించింది. ఉమ్మేసుకోలేదు. కాసేపటికి షట్టరు ఎత్తి గిరాకీ చూసుకున్నాను.

ఎందుకు చెప్పడం లేదంటారా? తిడతాడని కాదు. తిడితే బాగుండు, కొడితే ఇంకా బాగుండు. ఆయన క్షమిస్తాడేమోనని భయం. పోనియ్ అన్నా అంటాడు. ఆ మాట అన్నాక ఇంటికి పోయి గోడకు ఆనుకుని ఆ చెయ్యి చూసుకుంటాడు. ఇన్నాళ్లూ నసీబు అనుకున్నదానికి ఒక ముఖం వస్తుంది, రెండు వీధుల అవతల రోజూ కనబడే ముఖం. ఇది ఆయన మీద జాలి అని మిమ్మల్ని నమ్మించాలనుంది. కాదు. పిరికితనమే.

పోయిన వారం బిడ్డను తీసుకుని వచ్చాడు. పేరు స్రవంతి. జగిత్యాలలో పాలిటెక్నిక్ సీటు వచ్చింది, మెకానికల్. స్కాలర్‌షిప్ ఫారం నింపాలి. పేరు, ఊరు, మార్కులు, అన్నీ కొట్టుకుంటూ వచ్చాను. తండ్రి వృత్తి దగ్గర ఆగాను.

"మెకానిక్ అని రాయుండ్రి అంకుల్," అంది ఆ పిల్ల నవ్వుతూ. "ఇంట్ల ఫ్యాను, మిక్సీ అన్ని మా నాయిననే చేస్తడు. నేను గా కోర్సు తీసుకున్నదే నాయినను చూసి."

నా వేలు ఆ అక్షరం మీద ఉంది. పదకొండేళ్ల తర్వాత అదే అక్షరం. ఒక్క నొక్కు నొక్కితే చాలు.

లక్ష్మీరాజం తల అడ్డంగా ఊపాడు. "అద్దు బిడ్డా. రేపు ఎవలన్న అడిగితె సూపియ్యనీకి నా దగ్గర ఏమున్నది? హెల్పర్ అనే రాయి అన్నా. దుబాయ్‌ల గూడ గదే రాసిరి గదా."

రాసిరి అన్నాడు. ఎవరో రాసినట్టు. ఆ పిల్ల నా వైపు చూస్తోంది. ఆమె తండ్రి నా వైపు చూస్తున్నాడు, నమ్మకంగా, రోజూ చూసినట్టే. హెల్పర్ అని కొట్టాను. ప్రింటు తీసి ఇచ్చాను. ఆయన ఎడమ చేత్తో సంతకం పెట్టి, నలిగిన చేత్తో నాకు దండం పెట్టి వెళ్లాడు.

ఇదీ సంగతి. ఆయనకు చెప్పలేనిది మీకు చెప్పాను. మీరేం చెయ్యనక్కర్లేదు, ఓదార్చకండి. ఛాతీ మీది బరువు కొంచెం జరిగినట్టుంది, అంతమాత్రం తేలికకు కూడా నాకు హక్కుందో లేదో. ఆ గడిలో ఉండాల్సిన మాట మెకానిక్. అక్కడ హెల్పర్ అని రాసింది కంపెనీ కాదు, క్లర్కు కాదు, నసీబు కాదు. రెండుసార్లూ నేనే.